ఇంట్లో పేరు, బయట పేరు

మూలం:
@ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఎలిమెంట్(నేమ్ = "నికర_బరువు", నిల్లబుల్ = ట్రూ)
ప్రైవేట్ ఇంటీజర్ తూకం;

జావా డేటాని ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలుగా రాసి, తిరిగి చదివే జాక్స్‌బి వాడేవాళ్లు రోజూ రాసే వరుసలివి. కృష్ణగిరి గుజ్జు ఫ్యాక్టరీకి తోతాపురి మామిడి లోడు వచ్చిందనుకోండి. దాని చీటీలో ఒక గడి ఇది.

@ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఎలిమెంట్: ఈ ప్రాపర్టీని ఎలిమెంటుగా రాయమని చెప్పే గుర్తు. దీన్ని ఫీల్డు మీద పెట్టి, అదే పేరుతో పబ్లిక్ గెటర్, సెటర్ కూడా ఉంచితే ఒకే పేరుతో రెండు ప్రాపర్టీలున్నాయని జాక్స్‌బి ఆగిపోతుంది. క్లాసు మీద యాక్సెస్ రకం ఫీల్డ్ అని పెడితే సరిపోతుంది.

నేమ్: హోసూరు తెలుగువాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. మేం ఇంట్లో హోసూరు అంటాం, బస్సు మీద తమిళంలో ఓసూర్ అని ఉంటుంది. ఊరు మాత్రం ఒకటే. ఇక్కడా అంతే, ప్రోగ్రాములో తూకం, బయటికి వెళ్లే ఫైల్లో నికర_బరువు. రేపు తూకాన్ని ఇంకో పేరుకి మార్చుకున్నా ఫైలు అందుకునేవాళ్లకి ఇబ్బంది ఉండదు. ఎలిమెంటు పేరు తెలుగులో ఉండొచ్చా అని అడుగుతారు. ఉండొచ్చు. 1998 ఫిబ్రవరి 10న వచ్చిన ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0 లోనే తెలుగు అక్షరాలకి చోటుంది. ఆ సంగతి తెలిసిన రోజు నాకు పండగే.

ప్రైవేట్: బయటి క్లాసులు నేరుగా ముట్టుకోకూడదని.

ఇంటీజర్: అసలు జాగ్రత్త ఇక్కడే. దీని బదులు ఇంట్ అని రాస్తే, ఇంకా కాటా ఎక్కని లారీకి కూడా ఫైల్లో ఇలా పడుతుంది:
<నికర_బరువు>0</నికర_బరువు>
తూచలేదు అన్న మాట సున్నా కిలోలు అయిపోయింది. రైతు డబ్బు లెక్కగట్టేది ఆ అంకెతోనే. ఇంటీజర్‌కైతే ఖాళీగా, అంటే నల్‌గా, ఉండే వీలుంది.

నిల్లబుల్: మామూలుగా నల్ ఉంటే ఎలిమెంటు అసలు కనబడదు. ట్రూ అంటే గడి ఉంటుంది, విలువ లేదన్న గుర్తు దాని మీదే పడుతుంది. తూకం మిగిలి ఉందని చదివేవాడికి తెలుస్తుంది.

తూకం: తిరిగి చదివేటప్పుడు నికర_బరువు వచ్చి చేరేది దీన్లోకే. పంపినవాళ్లు అడ్డగీత మరిచి నికరబరువు అని రాస్తే జాక్స్‌బి మామూలుగా తప్పు చూపదు, తెలియని ఎలిమెంటుని వదిలేసి పోతుంది, తూకం నల్‌గానే మిగులుతుంది. అందుకే నేను చదివే ముందు ఏ ఎలిమెంట్లు ఉండాలో చెప్పే స్కీమా జతచేస్తాను. అప్పుడు తప్పు ఆ అడ్డగీత దగ్గరే దొరికిపోతుంది.