ఆడుబిడ్డల దాయభాగము



మన మహాసభలయందు బాలికావిద్యను గూర్చియు, వరకట్న నిషేధమును గూర్చియు తీర్మానములు గావించుట వాడుక. పితృధనమున ఆడుబిడ్డకు గల హక్కును గూర్చి ప్రసంగించువారు మాత్రము అరుదు. ఆ హక్కు ఎట్లు పుట్టి పెరిగినదో సంగ్రహముగ విన్నవించెదను.

ఆంధ్రదేశమున చిరకాలము మితాక్షరయే ప్రమాణము. కల్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు రచించిన ఆ గ్రంథమును 13వ శతాబ్దమున కేతన తెనుగు పద్యములలోనికి దెచ్చెను. ఆ న్యాయము ననుసరించి కుమారునకు పుట్టుకతోడనే వంశపారంపర్యపు ఆస్తిలో భాగము కలుగును. కుమారులున్న ఇంట కుమార్తెకు పోషణమును, వివాహవ్యయమును దప్ప హక్కుగా వచ్చునది లేదు. పసుపు కుంకుమల పేర నిచ్చు భూమి తండ్రి దయ మాత్రమే.

1937వ సంవత్సరపు చట్టము వితంతువునకు భర్త ఆస్తిలో కుమారునితో సమమైన భాగ మొసగెను. అదియు జీవితకాలపు అనుభవమునకే గాని స్వేచ్ఛగా విక్రయించుటకు గాదు. కుమార్తె స్థితి ఎప్పటివలెనే యుండెను. 1956 జూన్ 17న అమలులోనికి వచ్చిన హిందూ వారసత్వ చట్టము స్త్రీకి తన ఆస్తిపై సంపూర్ణ స్వామ్యమును, వీలునామా వ్రాయక మరణించిన తండ్రి స్వార్జితమున కుమార్తెకు సమభాగమును గల్పించెను. అయినను ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కు మగబిడ్డకే నిలిచెను. తల్లి లేని ఇంట ఒక కుమారుడును, ఒక కుమార్తెయు నుండి, ఉమ్మడి భూమి నాలుగెకరములైనచో, తండ్రి యనంతరము కుమారునకు మూడెకరములు, కుమార్తెకు ఒక యెకరము వచ్చుచుండెను.

ఈ వ్యత్యాసమును దొలగించి కుమార్తెకును జన్మహక్కు నొసగిన ప్రథమ రాష్ట్రము ఆంధ్రప్రదేశము. శ్రీ నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రిగా నున్నపుడు చేయబడిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించెను. తమిళనాడు 1989లోను, కర్ణాటక, మహారాష్ట్రములు 1994లోను ఆ మార్గమునే త్రొక్కినవి. కాని ఆ తేదీకి పూర్వమే వివాహమైన కుమార్తెను మన సవరణ వెలుపల నుంచెను. ఒక్క తల్లి కడుపున బుట్టిన అక్కకు లేని హక్కు చెల్లెలికి గలిగెను. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ ఈ భేదమును మాన్పెను. ఆనాటికి తండ్రి జీవించియుండ నక్కరలేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తీర్పు చెప్పెను. 2004 డిసెంబరు 20కి పూర్వము సక్రమముగా జరిగిన పంపకములు మాత్రము చెదరవు.

చట్టమిచ్చినది ఇంటిలో నిలుచుచున్నదా? అన్నదమ్ములు హక్కువిడుదల పత్రమును ముందుంచగా, పుట్టింటి గడప తనకు మూతపడునేమో యను భయమున ఆడుబిడ్డ మారుమాటాడక సంతకము చేయుచున్నది. ‘కట్న మిచ్చితిమి గదా’ యని పెద్దలందురు. కట్నము 1961 నాటి చట్టముచే నిషిద్ధము. పైగా అది అల్లునింటికి బోవునది. భాగము కుమార్తె చేతికి వచ్చునది. ఒకటి రెండవదానికి బదులు కానేరదు.

కావున ఆడుబిడ్డలను బలవంతపెట్టి విడుదల పత్రములు వ్రాయించుకొనబోమని ఈ మహాసభ తీర్మానించుగాక! ఆ తీర్మానము మొదట మన ఇండ్లయందే అమలగుగాక!