గ్రామఫోను: రూపమా, నాదమా?



తర్కశాస్త్రము చదువబోయినవానికి మొదటి దినములలోనే గురువులు చెప్పు మాట యొకటి కలదు. రూపము కంటికి మాత్రమే తెలియును. శబ్దము చెవికి మాత్రమే తెలియును. ఒక ఇంద్రియము చేయవలసిన తీర్పును మరియొక ఇంద్రియము చేయజాలదు. ముప్పదియైదు సంవత్సరములు బడిలో పిల్లలకు ఈ మాటను బోధించితిని. కాని పట్టణములో ఒక గ్రామఫోను అంగడి మెట్లెక్కిన నాడు నేనే దానిని మరచితిని. ఆ మరపువలన కలిగిన నష్టమును చెప్పుటకు ముందు, ఈ విషయమున లోకము సైతము కన్నునకును చెవికిని నడుమ ఎట్లు ఊగులాడినదో మనవి చేసెదను.

అమెరికా దేశమున 1877వ సంవత్సరములో ఎడిసను పండితుడు మానవకంఠమును తగరపురేకుపై గీతగా నిలిపి, మరల పలికించెను. పదియేండ్లకు, అనగా 1887లో, ఎమిల్ బెర్లినరను నతడు చుట్టుడురేకునకు బదులు చదునైన పళ్లెమును ఉపయోగించు విధానమును కనిపెట్టెను. మనము రికార్డని పిలుచుచున్నది దాని సంతతియే. ఆ యంత్రములకు విద్యుత్తు లేదు. పళ్లెముపై గాడిలో ముల్లు నడచుచు అదరును. ఆ అదరు ఒక పలుచని బిళ్లను కదలించును. బాకా ఆ చిన్న శబ్దమును పెద్దది చేసి గదిలోనికి పంపును. కావున బాకా ఆనాడు అలంకారము కాదు, యంత్రముయొక్క గొంతుకయే.

అయితే ఆ గొంతుక గదిలో సగము స్థలమాక్రమించెడిది. దుమ్ము పట్టెడిది, దారికి అడ్డువచ్చెడిది. మంచి బల్లలు, కుర్చీలు అమర్చుకొనిన గృహములలో అది కంటికి వెగటుగా నుండెను. ఈ సంగతి గ్రహించినవాడు న్యూజెర్సీ రాష్ట్రమునందలి కామ్డెను పురవాసియగు ఎల్డ్రిడ్జ్ జాన్సను. ఇతడు 1901లో విక్టరు కంపెనీని స్థాపించి, 1906లో విక్ట్రోలా అను యంత్రమును వెలువరించెను. బాకాను క్రిందికి మడచి, అలమారవంటి పెట్టెలో దాచి, ముందు చిన్న తలుపులు పెట్టెను. తలుపులు తెరచిన ధ్వని హెచ్చును, మూసిన తగ్గును. వెల 200 డాలర్లు. ఆ కాలమున అది స్వల్పమైన ధనము కాదు. అయినను జనులు విరివిగా కొనిరి.

పెట్టెకు సరిపడునట్లు బాకాను కుదించి వంచవలసివచ్చెను. చెవి కొంత వదలుకొనగా కన్ను కొంత సంపాదించెనని చెప్పవలెను. అయినను జాన్సనును నిందించుటకు నాకు నోరాడదు. యంత్రమును చూడలేక వాకిటనే నిలిపిన గృహములలోనికి సంగీతము ప్రవేశించినది ఆ అలమార మూలముననే గదా!

ఈ తగవునకు 1925లో ఒక సంధి కుదిరెను. మైక్రోఫోనుతో విద్యుత్తుద్వారా రికార్డులు చేయుట ఆ యేటనే ఆరంభమయ్యెను. ఆ యేటనే విక్టరు కంపెనీవారు ఆర్థోఫోనిక్ అను క్రొత్త విక్ట్రోలాను తెచ్చిరి. బాకా ఏ ప్రమాణమున వెడల్పు కావలెనో గణితముచే నిర్ణయించి, పొడవైన ఆ బాకాను అలమారలోపల మడతలుగా అమర్చిరి. రూపమును చెడలేదు, నాదమును పెరిగెను. ఆ దశాబ్దమునందే ఇంగ్లండులో ఇ.ఎం.జి. అను పేరుగల చిన్న కార్మికశాలవారు ఇందుకు పూర్తిగా విరుద్ధమైన త్రోవ పట్టిరి. కాగితపు గుజ్జుతో చేసిన బాకాలను విప్పిన గొడుగులవలె పెట్టెపై నిలిపిరి. కొన్నిటి వెడల్పు రెండున్నర అడుగులు. గదిలో చోటు పోయినను సరే, గాయకుని కంఠము దక్కిన చాలునను సంగీతప్రియులు వానిని కొనిరి.

తరువాత విద్యుత్తుతో పలుకు స్పీకర్లు వచ్చి బాకాను తొలగించెను. 1948లో నిమిషమునకు ముప్పదిమూడుమార్లకు పైగా తిరుగు లాంగుప్లే రికార్డులు వెలువడెను. వాటి గాడి మిక్కిలి సన్నము. అందుచేత ముల్లు పాటనే గాక, పళ్లెము తిరుగు ఇరుసు రొదను, గదిలో నడచువాని అడుగుల అదరును సైతము ఏరుకొనసాగెను. అందమైన పెట్టె ఈ రొదను ఆపజాలదు. 1961లో అమెరికాలో ఎడ్గారు విల్చరను నతడు పళ్లెమును, ముల్లు పట్టు చేతిని ఒక్క చట్రముపై నిలిపి, ఆ చట్రమును స్ప్రింగులపై వ్రేలాడదీసెను. చూపునకు అతి సామాన్యమైన ఆ యంత్రము చుట్టుప్రక్కల అదరును లెక్కచేయలేదు.

1972వ సంవత్సరమున రెండు ప్రసిద్ధ యంత్రములు పుట్టెను. డెన్మార్కులో యాకబ్ యెన్సెన్ రూపకల్పన చేసిన బియోగ్రామ్ 4000 మొదటిది. పలుచనై, నునుపై, తనంతట జరుగు చేయి గల ఆ యంత్రమును న్యూయార్కులోని ఆధునిక కళామ్యూజియమువారు తమ సేకరణలో చేర్చుకొనిరి. రెండవది స్కాట్లండులోని గ్లాస్గో నగరమున పుట్టిన లిన్ సోండెక్. ఇది చూచుటకు ఒక కొయ్యపెట్టె, దానిపై పళ్లెము, అంతే. రికార్డునుండి ముల్లు తీయలేకపోయిన శబ్దమును తరువాత ఎంతటి స్పీకరును తిరిగి తేలేదని దాని నిర్మాతల వాదము. కన్ను ఒకదానిని, చెవి ఒకదానిని ఒక్క యేటనే కనెనని చెప్పవచ్చును.

ఇక నా కథ. 1974లో ఘంటసాల వేంకటేశ్వరరావుగారు కీర్తిశేషులైరి. వారు గానముచేసిన భగవద్గీత రికార్డుగా వెలువడగా మా నాయనగారు కొని, ప్రతి ఏకాదశినాటి సాయంకాలమును వినెడివారు. ఒకనాడు వారి చేయి వణకి ముల్లు జారి, ఒక శ్లోకము నడుమ గీత పడెను. అది మొదలు ఆ చోట "టిక్కు"మని ఒక చప్పుడు. నాయనగారు గతించిన తరువాత ఆ చప్పుడు విన్నపుడెల్ల వారి చేయి నాకు కనబడెడిది.

పాత యంత్రము చెడిపోగా, ఉద్యోగవిరమణానంతరము నేను పట్టణమునకు పోయి క్రొత్తదానిని కొంటిని. నగిషీ చెక్కిన కొయ్యపెట్టె, దానిపై తళతళలాడు ఇత్తడిబాకా! ఇంటికి వచ్చినవారందరు మెచ్చుకొనిరి. ఆ బాకాకును పాటకును ఏ సంబంధమును లేదు. ధ్వని పెట్టె అడుగున నున్న చిన్న స్పీకరునుండి వచ్చుచుండెను. ఒక చాతుర్మాస్యము ప్రతిదినము వింటిని. అంతట ఘంటసాలవారి తారస్థాయి గరగరలాడసాగెను. తెలిసిన మెకానికు చిన్న త్రాసుతో తూచి, "మాస్టరుగారూ, మంచి ముల్లు రెండు గ్రాములు నొక్కిన చాలును. ఇది ఏడు గ్రాములు నొక్కుచున్నది. గాడి అరిగిపోయినదండీ" అనెను. అరిగిన గాడి మరల రాదు. ఆ గీత నేడు మరియొక చోట వినగలను. నాయనగారి "టిక్కు" మాత్రము ఆ గరగరలో మునిగిపోయినది.

ఒకనాడు గొంతుకయైన బాకాను అందముకొరకు దాచిరి. గొంతుక అక్కరలేని కాలమున అందముకొరకే బాకాను తగిలించిరి. ఈ రెంటి నడుమనున్న చరిత్ర నాకు అంగడిలో జ్ఞప్తికి రాకపోయెను.

కావున కొనదలచినవారికి నా మనవి. మీ రికార్డునే తీసికొనిపొండు. కన్నులు మూసికొని వినుడు. నాదస్వరముయొక్క దీర్ఘస్వరము వణకకున్న పళ్లెము సమముగా తిరుగుచున్నదని తెలియును. పాటకును పాటకును నడుమ రొద వినబడకున్న ఇరుసు మంచిది. ముల్లు బరువును సవరించు ఏర్పాటు కలదా యని అడుగుడు. ఇవి కుదిరిన తరువాతనే కన్నులు తెరువుడు.

తెరువవలదని మాత్రము నేను చెప్పను. రెండవమారు నేను తెచ్చిన నల్లని యంత్రమును చూచి మా గృహిణి, "ఏమండీ, దీనిని హాలులో పెట్టుదునా, అటకమీద పెట్టుదునా?" అని అడిగెను. నేను మారుమాటాడక మరల పోయి, అదే యంత్రమును టేకుపెట్టెలో అమర్చినదానిని కొంత యెక్కువ యిచ్చి తెచ్చితిని. అటకనెక్కిన యంత్రము ఎంత మధురముగా పాడగలదైనను మూగదియే. జాన్సను ఎరిగిన మర్మమిది. చెవి సమ్మతించిన వానిలోనుండి కన్ను ఏరుకొనవచ్చును. కన్ను ఏరినదానిని చెవిపై రుద్దరాదు.