తన ప్రసంగాన్ని తానే సరిదిద్దుకొన్న రబ్బీ

వికారాబాదు, తాండూరు ప్రాంతాల సంఘకాపరులకు భూస్థాపన కూడికలు కొత్త కాదు. మృతదేహం ప్రక్కన నిలిచి ఏమి బోధించాలన్నది మాత్రం నేటికీ కష్టమైన ప్రశ్నే. ఆ ప్రశ్నను అత్యంత ఘోరమైన పరిస్థితులలో ఎదుర్కొన్న ఒక యూదు మతనాయకుని చరిత్రను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

రబ్బీ కలోనిమస్ కల్మాన్ షపీరా (1889-1943) పోలండులోని పియాసెచ్నో పట్టణానికి చెందిన హసీదీయ గురువు. 1939 సెప్టెంబరులో వార్సాపై జర్మనీ బాంబుదాడులలో ఆయన ఏకైక కుమారుడు గాయపడి మరణించాడు. కోడలు కూడా హతమైంది. 1940 నవంబరులో నాజీలు యూదులను గెట్టోలో బంధించి గోడ మూసివేశారు. నాలుగు లక్షలకు పైగా జనం ఆకలితో, టైఫస్ జ్వరంతో అల్లాడారు. అయినను ఆయన విశ్రాంతిదినాలలో, పండుగలలో బోధించడం మానలేదు. తరువాత ఆ ప్రసంగాలను హెబ్రీలో వ్రాసి ఉంచేవాడు.

1941 హనుక్కా పండుగ ప్రసంగంలో, ఇట్టి శ్రమలు మన పితరులు కూడా అనుభవించారు, కాబట్టి విశ్వాసం సడలకూడదని ఆయన బోధించాడు. 1942 జూలై 22 నుండి సెప్టెంబరు వరకు సుమారు 2,65,000 మందిని ట్రెబ్లింకా మరణశిబిరానికి తరలించారు. ఆ తరువాత ఆయన పాత ప్రసంగం క్రింద ఒక గమనిక చేర్చాడు. ఆనాటివరకు జరిగినవాటికి పోలిక ఉన్నదిగాని, అటుపిమ్మట జరిగినదానికి చరిత్రలో పోలిక లేదని దాని సారాంశం. ఆయన విశ్వాసాన్ని విడువలేదు. చాలని మాటను మాత్రం చాలదని ఒప్పుకొన్నాడు. ప్రజల శ్రమలో దేవుడే రహస్యంగా విలపిస్తున్నాడని కూడా ఆయన బోధించియున్నాడు.

ఆ వ్రాతప్రతులను ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ బృందంవారు గెట్టోలోని ఇతర దస్తావేజులతో కలిపి పాలబిందెలో దాచి పాతిపెట్టారు. అవి 1950లో బయల్పడి, 1960లో 'ఏష్ కోదెష్' అను పేర ప్రచురితమైనవి. గెట్టో తిరుగుబాటు అణచివేయబడిన పిమ్మట ఆయనను ట్రావ్నికి శిబిరానికి తరలించి, 1943 నవంబరులో చంపారు.

హోలోకాస్టులో సుమారు 60 లక్షలమంది యూదులు హతులయ్యారు. వారిలో దాదాపు 15 లక్షలమంది పిల్లలు. క్రీస్తును నిరాకరించినందుకే వారికి ఈ శిక్ష అని మన వేదికలపై వినబడుతూ ఉంటుంది. సేవ ఆరంభించిన దినాలలో నేనును అట్లే ప్రసంగించాను. అది తప్పు. యోబు స్నేహితులు మాట్లాడిన తీరు అదే. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఆమె పాపమే కారణమని చెప్పే బోధ కూడా అదే కోవకు చెందుతుంది.

ప్రియ సేవకులారా, మన పాత ప్రసంగపు నోటుపుస్తకాలు తెరచి చూచుకొందము. సరిదిద్దవలసినది అందులో ఉంటే, సంఘం ఎదుటనే సరిదిద్దుకొందము.