ఏడు మోతల నీలి వాండా

1850లో ఖాసీ కొండల్లో తిరుగుతున్న వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్‌కు ఓక్ చెట్ల కొమ్మల మీద నీలం పూల గుత్తులు కనిపించాయి. విలియం గ్రిఫిత్ 1837లోనే కనుగొన్న నీలి వాండా అనే ఆర్కిడ్ అది. ఏడుగురు కూలీలు మోసేటన్ని మొక్కలు పీకించి లండన్‌లోని క్యూ తోటకు పంపాడు హుకర్. బతికి చేరినవి బహు కొద్ది. ఆ చోటు చూసి రమ్మని ఆయన వెంట తోటమాలిని పంపిన మరో పెద్దమనిషి ఒక్క మనిషి మోతే ఓడెక్కించాడు. వడలిపోయి చేరినా మొత్తం 300 పౌన్లు పలికింది. మొక్క మూడు నుంచి పది పౌన్లు. ఈ లెక్కలన్నీ హుకర్ తన 'హిమాలయన్ జర్నల్స్'లో రాసిపెట్టాడు. చురుకైనవాడు ఒక్క సీజన్‌లో రెండు మూడు వేల పౌన్లు వెనకేసుకోవచ్చని కూడా అన్నాడు. అదే మనిషి ఒక ఉత్తరంలో మాత్రం, సేకరించేవాళ్ల పోటీకి మైళ్ల పొడవునా కొమ్మలూ ఆర్కిడ్లూ గాలివానకు రాలినట్టు దారి మీద కుళ్లుతున్నాయని వాపోయాడు. మరి తను పీకించిన ఏడు మోతల సంగతి?

మూడు వేల అడుగుల ఎత్తున, గాలీ వెలుతురూ ధారాళంగా తగిలే చెట్ల మీద పెరిగే మొక్క అది. ఇంగ్లండు వాళ్లేమో ఉక్కపోసే అద్దాల గదుల్లో పెట్టారు. చచ్చిన మొక్క స్థానంలోకి మళ్లీ అడవి నుంచే కొత్తది రావాలి. విత్తు చల్లి పెంచుదామంటే ఆర్కిడ్ గింజ దుమ్ములా ఉంటుంది, లోపల తిండి నిల్వ ఉండదు, అడవిలో ఒక బూజు సాయం లేనిదే మొలవదు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ పంచదార కలిపిన అగర్ జెల్లీ మీద, సీసాలో, బూజు లేకుండానే మొలిపించాడు. నా లెక్కలో ఆ సీసా చేసిన మేలు చట్టం చేసిన మేలుకు తక్కువేం కాదు.

చట్టం తీరిగ్గా వచ్చింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొక్కలకు చోటు దొరికింది 1991 సవరణతోనే. ఆరో షెడ్యూల్‌లో ఆరే పేర్లు: నీలి వాండా, ఎర్ర వాండా, లేడీస్ స్లిప్పర్ ఆర్కిడ్లు, ఖాసీ కొండల పిచర్ మొక్క, హిమాలయాల కుఠ్, మన శేషాచలం కొండల సైకస్ బెడ్డోమీ. వీటిని అడవిలో పీకితే నేరం. ఇంట్లో పెంచాలన్నా లైసెన్సు కావాలి. గిరిజనులు తమ జిల్లాలో సొంత వాడకానికి తీసుకోవచ్చు. 2022 సవరణతో మొక్కల జాబితా మూడో షెడ్యూల్‌కు మారింది. దొంగనూ, ముచ్చటపడి పెంచుకునేవాణ్నీ ఒకే లైసెన్సు గుమ్మం ముందు నిలబెట్టడం నాకు నచ్చదు.

వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం సమావేశం 2004లో బ్యాంకాక్‌లో జరిగి, నీలి వాండాను అత్యంత కఠినమైన మొదటి అనుబంధం నుంచి రెండోదానికి దించింది. అప్పటికి బజారులో నర్సరీ మొక్కలదే పైచేయి.

సైకస్ బెడ్డోమీ ఇప్పటికీ మొదటి అనుబంధంలోనే ఉంది. దానికి పువ్వే పూయదు, ఎదుగుదల నత్తనడక. మగ మొక్క కంకిని మందుల కోసం కోసుకుపోతే పుప్పొడి అందక ఆడ మొక్కకు గింజ కట్టదు. దానికోసం వేలంపాటలో పౌన్లు కుమ్మరించినవాళ్లు లేరు. సీసాల్లో మొలకలెత్తించే నర్సరీల వరసా లేదు.