నేటి నాయకులను ఫాసిస్టు నియంతలతో పోల్చడం: మదనపల్లె, పుంగనూరు, కుప్పం నేపథ్యం

ఎన్నికల బరిలో ఉన్న నాయకుణ్ని ముస్సోలినీతోనో హిట్లర్‌తోనో పోల్చి, అతడు గెలిస్తే ప్రజాస్వామ్యం మిగలదని హెచ్చరించడం ఇరవయ్యో శతాబ్దపు రాజకీయ వాదనల్లో స్థిరపడిన పద్ధతి. ఫాసిజమంటే ఒకే నాయకుణ్ని జాతికి ప్రతిరూపంగా నిలబెట్టి, ఎదిరించినవారిని జాతిద్రోహులుగా ముద్రవేసి, సాయుధ ముఠాల బలంతోను చట్టాల మార్పుతోను పోటీ ఎన్నికలనే లేకుండా చేసే రాజకీయం. నాయకుడి కోపం, గొంతు, హావభావాలు కాక ఈ చివరి లక్షణమే పోలికకు గీటురాయి కావాలని ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని మూడు పట్టణాల చరిత్ర తెలియజేస్తుంది.

ముస్సోలినీ మిలాన్ నగరంలో తన ఫాసిస్టు దళాన్ని స్థాపించింది 1919 మార్చి 23న. అంతకు నెల లోపే, ఫిబ్రవరి 28న, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ అతిథిగా మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ ‘జనగణమన’ పాడి, ఆ ఊళ్లోనే దాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. ఈ రెండు తేదీల సామీప్యం యాదృచ్ఛికమే. కానీ 1926లో ముస్సోలినీ ఆతిథ్యంలో ఇటలీలో పర్యటించిన ఠాగూర్ ఆయన వ్యక్తిత్వాన్ని మెచ్చుకోగా, ఆ మాటలను అక్కడి పత్రికలు ప్రచారానికి వాడుకున్నాయి. తర్వాత స్విట్జర్లాండ్‌లో ఫ్రెంచి రచయిత రొమెయిన్ రోలాను, ఇటలీ విడిచి వచ్చినవారిని కలిసి, అక్కడ సాగుతున్న హింస గురించి విన్న కవి, ఆగస్టులో మాంచెస్టర్ గార్డియన్ పత్రికలో అచ్చయిన లేఖలో ఫాసిజాన్ని ఖండించారు. ఎదురుగా కూర్చున్న నాయకుణ్ని చూసి వేసిన అంచనా బాధితుల సాక్ష్యం ముందు నిలవలేదు.

భారతదేశంలో ఈ పోలిక తీవ్రరూపం దాల్చింది అత్యవసర పరిస్థితి కాలంలో (1975–77). ప్రతిపక్షాలు ఇందిరా గాంధీని హిట్లర్ అంటే, ఆమె ప్రభుత్వమూ, దాన్ని సమర్థించిన భారత కమ్యూనిస్టు పార్టీయూ జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమాన్నే ఫాసిజమన్నాయి. 1933 ఫిబ్రవరిలో జర్మనీలో వైమార్ రాజ్యాంగపు 48వ అధికరణం సాయంతో పౌరహక్కులను తొలగించినట్లే ఇక్కడ 352వ అధికరణం అండతో హక్కులు నిలిచిపోయాయి కాబట్టి, ఆ పోలికకు గట్టి ఆధారమే ఉంది. అయితే 1977లో ఎన్నికలు జరిగి, ఓడిన ప్రధాని గద్దె దిగడంతో పోలిక అక్కడికి ఆగిపోతుంది. ఆ ఎన్నికల్లో ఉత్తరాది ఓటరు కాంగ్రెస్‌ను తిరస్కరించగా, ఆంధ్రప్రదేశ్ ఓటరు 42 స్థానాల్లో 41 ఆ పార్టీకే ఇచ్చాడు.

తెలుగు రాజకీయాల్లో హిట్లర్ కన్నా ముందు గుర్తుకొచ్చే పేర్లు మన చరిత్రలోనివే. 1995లో అధికారం కోల్పోయిన ఎన్.టి. రామారావు అల్లుడు చంద్రబాబు నాయుడిని ఔరంగజేబుతో పోల్చారు; మూడు రాజధానుల నిర్ణయం తర్వాత చంద్రబాబు నాయుడు అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డిని తుగ్లక్ అన్నారు. వీటిలో ద్రోహం, చపలత్వం అన్న ఆరోపణలున్నాయి గాని రాజ్యవ్యవస్థ స్వరూపం గురించిన వాదన లేదు. చిరంజీవి నటించిన ‘హిట్లర్’ (1997) సినిమాలో ఆ పేరు చెల్లెళ్లను కట్టడిలో పెంచే అన్నకు దక్కింది. లక్షల మందిని చంపించినవాడి పేరు ఇంటి పెద్ద కాఠిన్యానికి గుర్తుగా మారడం వల్ల పోలికలోని బరువు చాలావరకు పోయింది.

కుప్పంలో 2023 జనవరి 4న జరిగిన ఘటన జాగ్రత్తగా పరిశీలించదగినది. కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల్లో మొత్తం 11 మంది మరణించాక రాష్ట్ర ప్రభుత్వం రోడ్ల మీద సభలను నియంత్రిస్తూ జీవో నంబరు 1 జారీచేయగా, 1989 నుంచి అక్కడి శాసనసభ్యుడైన చంద్రబాబు నాయుడిని సొంత నియోజకవర్గంలోనే పోలీసులు అడ్డుకున్నారు. నియంతృత్వమంటూ ప్రతిపక్షాలు మండిపడ్డాయి. నిజానికి ఆ జీవోకు ఆధారం 1861 నాటి పోలీసు చట్టం. 1857 తిరుగుబాటు తర్వాత పరాయి పాలకులు చేసిన శాసనమది. దాని మూలాలను బెర్లిన్‌లో వెదకడం కన్నా వలస పాలనలో వెదకడమే సబబు. 2023 మే 12న రాష్ట్ర హైకోర్టు ఆ జీవోను కొట్టివేసింది.

పుంగనూరులో తలెత్తిన ప్రశ్న ఇంతకన్నా లోతైనది. 2021 మార్చి మునిసిపల్ ఎన్నికల్లో అక్కడి వార్డులన్నీ పోలింగ్ లేకుండానే వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఏకగ్రీవమయ్యాయి. నామినేషన్లు వేయనివ్వలేదని తెలుగుదేశం ఆరోపించగా, అధికార పక్షం ఆ ఆరోపణను తోసిపుచ్చింది. ఇటలీలో 1924 మే 30న సోషలిస్టు సభ్యుడు మత్తెయోత్తి పార్లమెంటులో లేవనెత్తిన అంశం సరిగ్గా ఇలాంటిదే: బెదిరింపుల మధ్య వచ్చిన ఫలితం ప్రజాతీర్పు అవుతుందా అని. జూన్ 10న ఆయన్ను అపహరించి చంపారు. తర్వాత ఏడాది తిరక్కముందే ముస్సోలినీ బాహాటంగా నియంత అయ్యాడు.

పోలిక నిలవని చోటు కూడా పుంగనూరులోనే ఉంది. 2023 ఆగస్టు 4న మదనపల్లె సమీపంలోని అంగళ్లులోను, పుంగనూరులోను చంద్రబాబు పర్యటన సందర్భంగా ఘర్షణలు జరిగి, పోలీసులు సహా పలువురు గాయపడ్డా, మరుసటి ఏడాది ఎన్నికలు జరిగాయి. 2019లో 175లో 151 స్థానాలు గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ 2024లో 11కు పడిపోయి అధికారం వదులుకుంది. ఆ పదకొండింటిలో పుంగనూరు ఒకటి. 2024 జులైలో అదే పట్టణంలో ఆ పార్టీ ఎంపీ మిథున్ రెడ్డి ఉన్న ఇంటిపై రాళ్ల దాడి జరిగాక, నియంతృత్వపు ఆరోపణ ఈసారి వైఎస్సార్ కాంగ్రెస్ నోట, తెలుగుదేశం ప్రభుత్వంపై, ప్రతీకార పాలన అనే అర్థంలో ‘రెడ్ బుక్ రాజ్యాంగం’ అన్న పేరుతో వినిపించింది.