అది పూనకం కాదు, నాటకమూ కాదు

గోదావరిఖనిలో బొగ్గుబాయి పని చేసి రిటైరైన మా మామయ్య పోయాక అత్తమ్మకు నిద్ర కరువైంది. గోడల్లోంచి ఎవరో తిడుతున్నారని భయపడేది. డాక్టరు రాసిన మాత్రలతో ఆ మాటలు ఆగాయి. చాలా నెలల తర్వాత ఇంకో బాధ మొదలైంది. మాట్లాడుతుంటేనే రెప్పలు గట్టిగా మూసుకుపోయేవి. వేళ్ళతో తెరుచుకునేది. మైసమ్మ పూనిందన్నారు పక్కింటివాళ్ళు. నేనేమో కావాలనే చేస్తోందని విసుక్కున్నాను.

తర్వాత చదివితే తెలిసింది, ఈ కళ్ళ కథ వందేళ్ళ నాటిదని. 1917లో వియన్నాలో ఫాన్ ఎకనోమో అనే డాక్టరు ఒక వింత నిద్రజబ్బు గురించి రాశాడు. దాని నుంచి బతికి బయటపడ్డవాళ్ళలో కొందరికి ఆ తర్వాత ఒళ్ళు బిగుసుకుపోయేది, కనుగుడ్లు పైకి తిరిగి అక్కడే నిలిచిపోయేవి.

1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే వైద్యులు మానసిక రోగులకు క్లోర్‌ప్రొమజైన్ ఇచ్చి మంచి ఫలితం చూశారు. 1958లో బెల్జియంలో హాలోపెరిడాల్ తయారైంది. ఆ నిద్రజబ్బు ఎన్నడూ రానివాళ్ళకు కూడా ఈ మందులతో అదే బిగుతు, అదే పైచూపు వచ్చాయి.

కారణం తేల్చడంలో మన సర్పగంధికీ చోటుంది. ఆ వేరు నుంచి తీసిన రిసర్పిన్ ఇస్తే కుందేళ్ళు కదల్లేకపోయాయి. స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్‌సన్ 1957లో వాటికి ఎల్-డోపా ఇచ్చి లేపాడు. మెదడులో డోపమిన్ సరిగా పనిచేస్తేనే కదలిక. ఈ మాత్రలు ఆ డోపమిన్‌నే అడ్డుకుంటాయి. భయాలు తగ్గేదీ దానివల్లే, కళ్ళు మొరాయించేదీ దానివల్లే. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ వచ్చింది.

కనుగుడ్లు పైకి పోవడం వయసువాళ్ళలో ఎక్కువ, అదీ మందు మొదలెట్టిన కొద్దిరోజుల్లోనే. పెద్దవాళ్ళలో నెలలు, ఏళ్ళు గడిచాక రెప్పలు బిగుసుకోవడం, నోరు నములుతున్నట్టు ఆడటం కనిపిస్తాయి. ఇలా ఆలస్యంగా వచ్చేదానికి 1964లో డెన్మార్క్ వైద్యులు టార్డివ్ డిస్కినీషియా అని పేరు పెట్టారు.

మేం ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకు చూపించాం. ఆయన మెల్లమెల్లగా మందు మార్చారు. రెప్పల బాధ పూర్తిగా పోలేదు గానీ చాలా తగ్గింది. ఒకరోజు అత్తమ్మ అంది, "నువ్వు కోప్పడ్డప్పుడు నీ మొఖం చూద్దామన్నా కండ్లు తెరుచుకోలేదు బిడ్డా." నా దగ్గర జవాబు లేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఇలాంటి మాత్రలు వాడుతుంటే వాళ్ళ కళ్ళు, నోరు కాస్త గమనించండి. తేడా కనిపిస్తే మాత్రలు మీరే ఆపేయకండి, పాత జబ్బు తిరగబెట్టొచ్చు. డాక్టరుకు చెప్పండి. ముందు వాళ్ళ మాట నమ్మండి.