వైజాగ్ ఉప్పుటేరులోకి వచ్చిన చిన్న ఆల్చిప్ప కథ

వైజాగ్ వన్‌టౌన్‌లో మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. వైజాగ్ వెళ్లినప్పుడల్లా నేను చర్చి ఉన్న రాస్ హిల్ ఎక్కుతాను. అక్కడి నుంచి చూస్తే, డాల్ఫిన్ నోస్ కొండ పక్కనున్న సన్నటి దారిలోంచి పెద్ద పెద్ద ఓడలు మెల్లగా లోపలికి వస్తుంటాయి. ఆ లోపలిది కూడా సముద్రమే అని చాలాకాలం అనుకున్నాను. కాదండీ. అది ఒకప్పటి ఏటి మొగ.

వందేళ్ల కిందట అక్కడ హార్బర్ లేదు. మేఘాద్రి గెడ్డ, నరవ గెడ్డ తెచ్చే మంచినీళ్లు, సముద్రం పోటు తెచ్చే ఉప్పునీళ్లు కలిసే పెద్ద చిత్తడి నేల ఉండేది. దాన్ని ఉప్పుటేరు అనేవారు. బురద, మడ చెట్లు... చూడ్డానికి ఎందుకూ పనికిరాని నేలే. కానీ చేప పిల్లలు, రొయ్య పిల్లలు, పీతలు పెరిగేది ఇలాంటి చోటే. రోజుకు రెండుసార్లు నీళ్లు వస్తాయి, రెండుసార్లు పోతాయి. ఆ రాకపోకలే ఉప్పుటేరుకి ఊపిరి.

1920ల్లో బ్రిటిష్ వాళ్లకు ఇక్కడ ఒక రేవు కావాల్సి వచ్చింది. ముఖ్యంగా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో తవ్విన మాంగనీసును బయటికి పంపడానికి. చిత్తడిని తవ్వి లోతు చేశారు. తవ్విన మట్టితో చుట్టుపక్కల పల్లాన్ని మెరక చేశారు. మొగ దగ్గర రెండు పాత ఓడల్ని ముంచి, అలలకీ ఇసుకకీ అడ్డుగా పెట్టారు. 1933 అక్టోబర్ 7న 'జలదుర్గ' అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. డిసెంబర్ 19న వైస్రాయ్ విల్లింగ్డన్ రేవును ప్రారంభించారు.

ఆ తర్వాత ఒకటొకటిగా అన్నీ వచ్చాయి. 1941లో షిప్‌యార్డ్‌కు శంకుస్థాపన, 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1967లో ఎరువుల ఫ్యాక్టరీ. ఊరు పెరిగింది, మురుగు పెరిగింది. తాగునీటి కోసం మేఘాద్రి గెడ్డ మీద రిజర్వాయర్ కట్టారు, కిందికి వచ్చే మంచినీళ్లు తగ్గాయి. ఇవన్నీ తప్పులని నేను అనలేను. మా మామయ్య షిప్‌యార్డ్‌లో పనిచేశాడు, ఆ జీతంతోనే ఆ ఇంట్లో పిల్లలు చదువుకున్నారు. విడివిడిగా చూస్తే ప్రతి పనికీ ఒక కారణం ఉంది. అన్నీ కలిసి ఏం చేశాయన్నదే అసలు కథ.

లోపలి హార్బర్‌కు సముద్రంతో ఉన్న దారి ఆ సన్నటి కాలువే. ఇక్కడ పెద్ద పోటప్పుడు కూడా నీటిమట్టం మహా అయితే ఒకటిన్నర మీటరు మారుతుంది. అంటే లోపల చేరిన మురుగు త్వరగా బయటికి పోదు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. సున్నితమైన జీవాలు తట్టుకోలేవు.

సరిగ్గా అప్పుడు ఒక కొత్త అతిథి దిగింది. 1967 ప్రాంతంలో హార్బర్‌లో ఒక చిన్న ఆల్చిప్పను గుర్తించారు. పేరు మైటిలాప్సిస్ సాలెయ్. రెండు మూడు సెంటీమీటర్లే ఉంటుంది. సొంతూరు ఎక్కడో తెలుసా? అమెరికా ఖండంలో కరీబియన్ వైపు! ఓడల అడుగున అంటుకుని వచ్చి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. ఉప్పు ఎక్కువైనా, తక్కువైనా, నీళ్లు మురికిగా ఉన్నా ఇది బతికేస్తుంది. దారాల్లాంటి పోగులతో ఓడలకు, గోడలకు, స్తంభాలకు గుత్తులు గుత్తులుగా పట్టేస్తుంది. మనం బలహీనం చేసి పెట్టిన నీళ్లు దానికి ఖాళీ ఇల్లులా దొరికాయి.

ఇదే ఆల్చిప్ప 1999 మార్చిలో ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరంలో కనిపించింది. అక్కడి మెరీనాలకు, అంటే పడవలు నిలిపే చోట్లకు, సముద్రం వైపు గేట్లున్నాయి. వాళ్లు వెంటనే గేట్లు మూసి, మూడు మెరీనాల్లో క్లోరిన్, కాపర్ సల్ఫేట్ పోశారు. ఆ నీళ్లలో మిగతా జీవాలు కూడా చచ్చిపోయాయి. కానీ ఆల్చిప్పను పూర్తిగా వదిలించుకోగలిగారు. వైజాగ్‌లో అది కుదరదు. పెద్ద ఓడలు తిరిగే తెరిచిన రేవుకి గేటు ఎక్కడ వేస్తాం?

అందుకే నాకు ఈ కథ ముఖ్యం అనిపిస్తుంది. ఓడల బ్యాలస్ట్ నీళ్లతో ఇలాంటి జీవులు వ్యాపించకుండా 2004లో అంతర్జాతీయ ఒప్పందం చేశారు, అది 2017లో అమల్లోకి వచ్చింది. మంచిదే. కానీ వచ్చినవాడు తిష్ట వేయకుండా ఉండాలంటే ఇంట్లో మనుషులుండాలి కదా! అంటే మన నీళ్లలో మన జీవాలు బతికుండాలి.

మేఘాద్రి గెడ్డ ఒడ్డున ఇప్పటికీ కొన్ని మడ చెట్లు మిగిలే ఉన్నాయి. ఈసారి ఎవరైనా ఒక బురద నేలను చూపించి "ఇది వేస్ట్ ల్యాండ్, పూడ్చేద్దాం" అంటే, ఒక్క ప్రశ్న అడగండి: ఇక్కడికి పోటు వస్తుందా? వస్తుంటే అది వేస్ట్ కాదు, ఇంకా ఊపిరి తీసుకుంటోందన్నమాట.